డైరెక్టర్ గోదావరి

గోదావరి వేళ్ళకు గీతలు లేవు. ఇరవై ఆరేళ్ళుగా తునికాకు చుట్టి, తంబాకు నలిపి, బీడీ కొసలు లోపలికి నొక్కి నొక్కి రెండు బొటనవేళ్ళూ గోలీల్లా నున్నబడ్డాయి. అందుకే సర్కారు పని ఏది పడ్డా ఆమెకు ముందు వేలిముద్ర యంత్రమంటేనే భయం. సోమవారం పొద్దున తహసీల్దారు ఆఫీసుకు బయలుదేరే ముందు కూడా వేళ్ళకు కొబ్బరినూనె రాసి, కొంగుతో తుడిచి, మళ్ళీ రాసుకుంది.

ఆ రోజు పని యంత్రం దాకా రానే లేదు. వచ్చి, ముద్ర పడలేదని వెనక్కి పంపినా బాగుండేది.

"గోదావరి ఎవరు?" అని కౌంటరు వెనక నుంచి జూనియర్ అసిస్టెంటు భూమేష్ పిలిచాడు. ఆమె ముందుకు జరిగింది. "నీ ఇన్‌కమ్ సర్టిఫికెట్ రిజెక్ట్ అయిందమ్మా."

"ఎందుకు సారూ? కాయితాలన్ని పెట్టిన గదా."

"కాయితాలు మంచిగనే ఉన్నయి. నీ సంగతే మంచిగ లేదు." అతను కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. "నువ్వు కంపెనీ డైరెక్టర్‌వు. పోయిన యాడాది ముప్పై ఎనిమిది కోట్ల యాపారం జేసినవ్."

గోదావరి వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఎవరైనా పెద్దామె నిలబడిందేమో, ఆమెతో అంటున్నాడేమో అనుకుంది. వెనక ఉన్నది గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను బీడీలు జేస్త సారూ."

"నాకు కనవడ్తలేదా అమ్మా?" అన్నాడు భూమేష్. ఆమె చీర మీది తంబాకు పొడిని చూస్తూ, కాస్త సిగ్గుపడుతూనే అన్నాడు. "కని సిస్టంల ఉన్నదే నేను సూడాలె. గోదావీర్ షుగర్స్ అండ్ ఎక్స్‌పోర్ట్స్. పేరు నీది, ఆధార్ నీది, పాన్ నీది, ఫోటో సుత నీదే."

తెర మీద తన మొఖమే ఉంది. నుదుటి మీద చెమట, కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఆ ఫోటో ఎప్పుడు తీశారో, ఎవరు తీశారో ఆమెకు గుర్తుకు రాలేదు. 

కూతురు సుమలతకు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల లోపల ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇస్తే ఫీజు సర్కారే కడుతుంది. ఇవ్వకపోతే వీళ్ళే కట్టాలి. ఆ ఫీజు ఎంతో తెలిసిన రోజు గోదావరి ఇంకోసారి అడగనే లేదు. భర్త పోయి ఆరేళ్ళయింది, ఇంట్లో సంపాదించే చేతులు ఈ రెండే. ఆమె చేతనైనదల్లా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎన్ని రోజులో లెక్కపెట్టుకోవడం.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి శైలజ అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇద్దరూ గాజుల్‌పేటలో ఒకే గోడకు అటూ ఇటూ ఉంటారు. తడిపిన ఆకును కొలత రేకు పెట్టి కోయడం, చిటికెడు తంబాకు పోయడం, చుట్టడం, దారం వేయడం, కొస మడవడం, ఇదంతా శైలజ చేతుల్లో ఒకే కదలికగా అయిపోతుంది. దారం మూడు చుట్లు వేస్తుంది కాబట్టి ఆమె కట్టలు గోదావరికి కళ్ళు మూసుకున్నా తెలుస్తాయి. కార్ఖానాలో మాత్రం ఆ తేడా ఎవరికీ తెలియదు. అక్కడ రెండిళ్ళ బీడీలూ గోదావరి బీడీ కార్మికుల కార్డు మీదే పడతాయి.

ఆ పేటలో ఇది దొంగతనం కాదు, ఆనవాయితీ. కొత్త కార్డులు ఇవ్వడం ఆపేసి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత కోడళ్ళుగా వచ్చినవాళ్ళు కార్డున్న ఆడవాళ్ళ పేరు మీద చేస్తారు. కూలి ఎవరిది వాళ్ళకు చేరుతుంది. గోదావరి ఏనాడూ శైలజకు ఒక్క రూపాయి తక్కువ ఇవ్వలేదు, ఆ సంగతి గర్వంగా చెప్పుకునేది కూడా. పీఎఫ్ మాత్రం కార్డున్న మనిషి పేరు మీదే జమవుతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

"ఏమైందక్కా, మొఖం గట్లున్నది?" అంది శైలజ.

గోదావరి చెప్పింది. శైలజ చేతులు ఆగిపోయాయి. ఆమె చేతులు ఆగడం గోదావరి చాలా అరుదుగా చూసింది.

"ముప్పై ఎనిమిది కోట్లా? పోయిన నెల నా దగ్గర రెండు వందలు బదులు తీస్కున్నవు గదక్కా!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే గోదావరికి ఏడుపు వచ్చింది.

మంగళవారం సుమలత ఫోనులో వెతికి కంపెనీ వివరాలు తీసింది. డైరెక్టర్లు ఇద్దరు. ఒకరు గోదావరి. రెండోవాడు వీరస్వామి, ఊరు రుద్రూర్. కంపెనీ ఆఫీసు అడ్రసు కూడా ఆ ఊరిదే, ఇంటి నంబరు నాలుగు బై పదిహేడు.

"వాడే అమ్మా! నీ పేరు పెట్టి ఆట ఆడుతుండు," అంది సుమలత. పద్దెనిమిదేళ్ళ పిల్ల, కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. "పోయి కాలర్ పట్టుకుందాం."

"నువ్వు కాలేజీ కాడ ఉండు. నేను పోత."

ఆ రాత్రంతా ఆ వీరస్వామిని తలుచుకుంది. బంగళా ఉంటుంది, గేటు దగ్గర కుక్క ఉంటుంది, తనను లోపలికి రానివ్వరు. రానివ్వకపోతే గేటు ముందే కూర్చుంటానని నిశ్చయించుకుంది.

బుధవారం బోధన్‌లో బస్సు మారింది. బస్టాండులో మరాఠీ మాట్లాడుకుంటూ మిరపకాయల గంపలు దించుకుంటున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి, దూరంగా మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూసింది. ఏళ్ళుగా దాని నుంచి పొగ లేదు. తన కంపెనీ మరి చక్కెర ఎక్కడ చేస్తోంది? "తన కంపెనీ" అని మనసులో అనుకున్నందుకు ఉలిక్కిపడింది.

రుద్రూర్‌లో దిగి అడుగుతూ పోయింది. రెండు వైపులా మనిషెత్తు చెరుకు, మధ్యలో బురద బాట. నాలుగు బై పదిహేడు అంటే ఒక రేకుల గది. గది ముందు ఇల్లు కట్టడానికి తవ్విన పునాది గుంతలు, వాటి నిండా వాన నీళ్ళు. గుమ్మం మీద చెక్క శిలువ. అరుగు మీద యాభై ఏళ్ళ మనిషి ఒకడు చెరుకు నరికే కత్తిని రాయి మీద సానపెడుతున్నాడు.

"వీరస్వామి అంటే ఎవలు?"

"నేనే. నువ్వెవలమ్మా?"

"గోదావరి. నిజామాబాద్ కెల్లి వచ్చిన."

కత్తి అతని చేతిలోంచి జారి రాయి మీద పడింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమెను పై నుంచి కింద దాకా, తంబాకు మరకల చీర నుంచి అరిగిన చెప్పుల దాకా చూశాడు.

"నువ్వా గోదావరివి?" అన్నాడు చివరికి. "రెండు నెలల సంది నిన్ను దేవులాడుతున్న. పెద్ద సేటు పెండ్లామనుకున్న గదమ్మా! నా ఇల్లు గుంజుకున్నది నువ్వేనని రోజు తిట్టిన. ప్రార్థనల సుత తిట్టిన."

 గోదావరి కూడా రాత్రంతా అతన్ని తిట్టుకుంది. ఇద్దరు డైరెక్టర్లూ ఒకరి ముందు ఒకరు, బురద కాళ్ళతో, దొంగను పట్టుకోబోయి అద్దంలో చూసుకున్నట్టు నిలబడ్డారు.

వీరస్వామికి సర్కారు ఇల్లు మంజూరయింది. పునాది తవ్వాక, కంపెనీ డైరెక్టర్‌కు ఇల్లెందుకని పేరు కొట్టేశారు. "గోదావీర్ అంటే సమజయిందా? గోదా నీది, వీర్ నాది," అన్నాడు. అతని భార్య శారమ్మ చాయ తెచ్చింది. చాయ నల్లగా ఉంది.

"చక్కెర లేదక్కా, బెల్లమేసిన. ఏమనుకోకు."

"ఓడలు నింపి చక్కెర పంపినమంట ఆఫ్రికాకు," అన్నాడు వీరస్వామి. "ఇంట్ల చారెడు లేదు."

ఎవరూ నవ్వలేదు. శారమ్మ తలుపు చాటుకు పోయింది.

"ఓడలు యాడియి?" అంది గోదావరి. "ఫ్యాక్టరే నడుస్తలేదు గద."

"సరుకు పోదమ్మా. కాయితమే పోతది. మా చర్చిల డేనియల్ సారు ఇవరం జెప్పిండు. బయటి దేశానికి సరుకు అమ్మినట్టు కాయితం పుట్టిస్తరంట. అమ్మితే కట్టిన పన్ను సర్కారు వాపసు ఇస్తది. కట్టని పన్ను సుత గట్లనే వాపసు తీస్కుంటరు. ఆ పైసలు దుబాయ్‌కో యాడికో దాటిస్తరు. అడిగెటోడొస్తే ఈడ మనం దొరుకుతం."

గోదావరి చాయ గ్లాసు కింద పెట్టింది. సర్కారు ఖజానా. సుమలత ఫీజు రావలసింది కూడా ఆ ఖజానా నుంచే. తన పేరు చెప్పి ఎవరో అందులోంచి కోట్లు పట్టుకుపోయారు, ఇప్పుడు ఆ ఖజానాయే నీ బిడ్డకు ఇవ్వనంటోంది. ఇంత సిగ్గులేని పని మనుషులు ఎలా చేయగలరో ఆమెకు అర్థం కాలేదు. తనకు తిరిగి చేయడానికి ఏముందో కూడా తెలియలేదు.

"నీ కాయితాలు ఎవలు తీస్కున్నరు?" అని అడిగింది.

"మహేష్ అని, నిజామాబాద్‌ల ఆన్‌లైన్ సెంటర్ పిలగాడు. ఇల్లు జల్ది మంజూరు జేపిస్తనన్నడు. ఫోను మొఖం ముందట వెట్టి కండ్లు ఆర్పమన్నడు."

కళ్ళు ఆర్పమన్నాడు! గోదావరికి ఒక్కసారిగా అంతా గుర్తుకొచ్చింది. మూడేళ్ళ కింద, పీఎఫ్ పని మీద మహేష్ దుకాణానికి పోయింది. వేలిముద్ర పడలేదు. "మొఖంతోని అయితదక్కా, కండ్లు ఆర్పు," అన్నాడు. రెండోసారి కూడా ఆర్పమన్నాడు. అది ఇంకో పనికి, ఒక స్కీముకు. "పేరు మట్టుకు నీది, పని వేరెటోళ్ళది, నీకేం కష్టం లేదు," అని రెండు వేలు చేతిలో పెట్టాడు. ఆ మాటలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. పేరు ఒకరిది, పని ఒకరిది కావడం ఆమెకు రోజూ అలవాటైన సంగతే.

"పోలీస్ స్టేషన్‌ల ఒక్కనివే వస్తే ఎట్ల, రెండో డైరెక్టర్‌ను తీసుకరా అన్నరు," అన్నాడు వీరస్వామి. "శుక్రారం పొద్దుగాల నేను నిజామాబాద్ వస్త. నువ్వు రావాలె."

"శుక్రారం నా బిడ్డ సీటు," అంది గోదావరి. వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా బస్సెక్కింది.

గురువారం పొద్దున్నే మహేష్ సెంటరుకు పోయింది. తిట్టాలని పోయింది. మహేష్ లేచి కుర్చీ వేశాడు, ఎదురు హోటల్ నుంచి చాయ తెప్పించాడు. మెత్తగా మాట్లాడే మనిషి, వయసు ముప్పై దాటదు.

"పైన ఏం జేస్తరో నాకు సుత తెల్వదక్కా. హైదరాబాదోళ్ళు పేర్లు అడుగుతరు, నేను పేర్లు ఇస్త. గంతే."

"నా బిడ్డ సీటు పోతది మహేషా."

"అయ్యో, సుమ సీటు పోనిస్తనా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు అన్నాడు. "నువ్వు రాజీనామా జేసినవని పాత తారీఖు వేసి కాయితం తెప్పిస్త. ఆఫీసుల నా మనుషులున్నరు. రేపు రెండు గంటల వరకు సర్టిఫికెట్ నీ చేతిల ఉంటది. కని నీ జాగల ఇంకొక పేరు గావాలె."

"ఎవల పేరు?"

"ఏ రికార్డుల లేని పేరు. పీఎఫ్ లేనోళ్ళు, కార్డు లేనోళ్ళు. అసొంటి ఆడమనిషి ఎవలన్న ఉంటే సూడు. ఆమెకు ఐదు వేలు ఇప్పిస్త."

గోదావరి వెతకాల్సిన పని లేకపోయింది. అతను మాట పూర్తి చేసేలోపలే పేరు మనసులోకి వచ్చింది. అంత తొందరగా వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే భయం వేసింది. భయపడుతూనే ఇంటికి పోయింది.

"నీ ఆధార్ కార్డు ఇయ్యవా శైలూ, జెర ఆన్‌లైన్‌ల పని ఉన్నది. రేపు నాతోని రావాలె."

దేనికని శైలజ అడగలేదు. లోపలికి పోయి బియ్యం డబ్బా కింద నుంచి కార్డు తెచ్చింది. నాలుగో తరగతి చదివే కూతురు సుష్మ దాని మూల మీద స్కెచ్ పెన్నుతో పువ్వు గీసింది.

"తొమ్మిదేండ్ల సంది నీ పేరు మీద బతుకుతున్న," అంది శైలజ. "నా పేరుతోని గూడ నీకొక పని వడ్డదంటే నాకు సంబురమే అక్కా."

గోదావరి కార్డును కొంగున ముడేసుకుంది. చాట ముందు కూర్చుంది గానీ ఆ మధ్యాహ్నం కోసిన ఆకులన్నీ వంకర పోయాయి. తొమ్మిదేళ్ళు. రేపు శైలజ ముసలిదై చేతులు పడిపోతే, ఒక్క బీడీ అయినా చుట్టినట్టు ఏ కాయితమూ చెప్పదు. మహేష్ అడిగిన ఏ రికార్డులోనూ లేని పేరు అలా శుభ్రంగా ఉండడానికి కారణం తనే. అతనూ తనూ చేసింది ఒకటేనా? కాదని గట్టిగా అనుకుంది. అతను కోట్లకు చేశాడు, తను ఇరుగుపొరుగు సాయంగా చేసింది. ఎంత అనుకున్నా మనసు కుదుటపడలేదు. పక్క గదిలో సుమలత రేపటికి తెల్ల చుడీదార్ ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది.

శుక్రవారం సుమలత కాలేజీకి పోయింది. "రెండు దాటితే కాయితం నీ చేతుల పెడ్త," అని గోదావరి మాట ఇచ్చి పంపింది. శైలజ పండక్కి కట్టే నీలం చీర కట్టుకుని వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది.

"ఫోటో దించుతరేమోనని," అంది సిగ్గుపడుతూ.

మహేష్ కీబోర్డు మీద టకటకా కొట్టాడు. ఓటీపీ అన్నాడు, శైలజ చదివి చెప్పింది. సంతకం అన్నాడు, శైలజ ఒక్కో అక్షరమే పేర్చుకుంటూ పెట్టింది. తర్వాత అతను ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"కదలకు చెల్లే. ఇగ కండ్లు ఆర్పు."

శైలజ ఊపిరి బిగపట్టి, కళ్ళు పెద్దవి చేసి, బడిపిల్లలా నిటారుగా కూర్చుంది. ఎదుటివాళ్ళు చెప్పింది చేస్తే మంచే జరుగుతుందన్న నమ్మకం ఆ ముఖంలో ఉంది. సోమవారం తెర మీద కనిపించిన తన ముఖం కూడా అదే. ఆ రెప్పలు కిందికి దిగబోయే ముందు గోదావరి చేయి దానంతట అదే లేచి ఫోనుకూ ముఖానికీ మధ్య అడ్డంగా నిలిచింది. నున్నటి వేళ్ళు, గోళ్ళ సందుల్లో తంబాకు.

"ఒద్దు," అంది.

"అక్కా, నాలుగింటికి టైమైపోతది," అన్నాడు మహేష్. గొంతులో మెత్తదనం పోయింది. "సీటు పోతది."

"ఎరికే."

సంతకం పెట్టిన కాయితాన్ని బల్ల మీద నుంచి లాగి నాలుగు ముక్కలు చేసింది. ఆధార్ కార్డు తీసుకుని, శైలజ చేయి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది.  కరెంటు స్తంభం పక్కన నిలబడి మొత్తం చెప్పేసింది, ఐదు వేల సంగతి కూడా దాచలేదు.  శైలజ తిడుతుందని, కనీసం చేయి విడిపించుకుంటుందని గోదావరి ఎదురుచూసింది.

"మరి సుమ?" అంది శైలజ.

గోదావరి ఆమె చేయి వదలకుండా పోలీస్ స్టేషన్ వైపు నడిచింది.

స్టేషన్ ముందు బెంచీ మీద వీరస్వామి పొద్దున ఎనిమిదింటి నుంచి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో కాయితాలు. గోదావరిని చూసి లేచాడు, ఏమీ అడగలేదు. ముగ్గురూ లోపలికి పోయారు. హెడ్ కానిస్టేబుల్ ఒక గంట కూర్చోబెట్టి, తర్వాత రాయడం మొదలుపెట్టాడు.

"నువ్వు బీడీలే చేస్తవని సాక్ష్యం ఎవలు?"

"నేను సారూ," అంది శైలజ. "పక్కిల్లే. నేను సుత బీడీలు చేస్త."

"కార్డు నంబరు చెప్పు."

శైలజ గోదావరి వైపు చూసి తల దించుకుంది.

"ఆమెకు కార్డు లేదు సారూ," అంది గోదావరి. "తొమ్మిదేండ్ల సంది నా కార్డు మీద చేస్తున్నది. నా పీఎఫ్‌ల సగం ఆమె కష్టమే. గది సుత రాయుండ్రి."

కానిస్టేబుల్ పెన్ను ఎత్తాడు. "రాస్తే నీ పీఎఫ్‌కే ఎసరు వస్తదమ్మా. ఈ కేసుకు గది అవసరం లేదు."

"రాయుండ్రి సారూ. ఒకల పేరు మీద ఒకలు జేసుడు మాకు అలవాటైంది. గందుకే నేను దొరికిన."

అతను రాస్తుండగా ఫోను మోగింది. మూడు యాభై.

"అమ్మా, పిలుస్తుండ్రు. యాడున్నవ్? కాయితం తెస్తున్నవా?"

"లేదు బిడ్డా." ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. మళ్ళీ చెప్పింది. "కాయితం రాదు."

అవతల కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరో మైకులో పేర్లు చదువుతున్న చప్పుడు వినిపించాయి. సుమలత ఫోను పెట్టెయ్యలేదు. గోదావరి కూడా పెట్టెయ్యలేదు. కాసేపటికి సుమలత అంది:

"నా తర్వాతి పేరు పిలిచిండ్రమ్మా."

చీకటి పడకముందే సుమలత ఇంటికి వచ్చింది. తెల్ల చుడీదార్ మీద బస్సు మరక ఉంది. అప్పటికి శైలజ, గోదావరి అరుగు మీద చాటలు పెట్టుకుని కూర్చున్నారు, రేపు కార్ఖానాలో వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. గోదావరి జరిగిందంతా దాచకుండా చెప్పింది. మహేష్ ఇస్తానన్న సర్టిఫికెట్ గురించీ చెప్పింది. చెప్పి, కూతురు అరుస్తుందని కాచుకుంది. అరిచినా బాగుండేది.

సుమలత శైలజ ముఖం వైపు చాలాసేపు చూసింది. తర్వాత చేతిలోని కాలేజీ ఫైలు కిటికీలో పెట్టి, వాళ్ళ మధ్య కూర్చుని, తడి ఆకు ఒకటి, రేకు, కత్తెర చేతిలోకి తీసుకుంది.

"ఎట్ల కొయ్యాలె అమ్మా?"

 పద్దెనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా గోదావరి ఆ పిల్లను ఆకు ముట్టుకోనివ్వలేదు. పేటలోని ఆడపిల్లలంతా ఏడో తరగతికే చుట్టడం నేర్చుకున్నా, సుమలత చేయి పుస్తకం మీద తప్ప పడలేదు. ఇప్పుడు ఆ చేయి రేకు పెట్టి, ఆకు ఈనెకు అడ్డంగా, తప్పుగా కోస్తోంది.

ఆ చేతిని పట్టుకుని వెనక్కి తిప్పింది. బొటనవేలి మీద గీతలు సన్నగా, గుండ్రంగా, ఒక్కటీ చెరగకుండా ఉన్నాయి. గోదావరి వాటినే చూస్తూ ఉండిపోయింది. కత్తెరను కూతురి చేతి నుంచి తీసుకోవాలని ఉంది, తీసుకుని రేపు ఏం చెప్పాలో తెలియదు.

శైలజ వంగి ఆ కత్తెర తీసుకుని తన చాటలో పెట్టుకుంది. వంకరగా కోసిన ఆకును పక్కకు తోసి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.